1946–66 నాటి క్రిస్మస్ సామాను: సీరియల్ సెట్లు, బుడగల దీపాలు, రేకు చెట్టు, చెట్టు కింద రైలు

#1 పాతబల్బు

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన దగ్గర్నుంచి 1960ల మధ్య దాకా అమెరికా ఇళ్ళల్లో క్రిస్మస్‌కి వాడిన సామాను కోసం ఈ దారం. ఎస్టేట్ సేల్సులో (ఇంట్లోని పాత సామాను అమ్మకాల్లో), ఆన్‌లైన్‌లో ఇవి ఇప్పటికీ దొరుకుతున్నాయి. కొన్నవాళ్ళు డాలస్‌లో వాడుకున్నా, సూట్‌కేసులో పెట్టి గుంటూరు తెచ్చుకున్నా అడిగేవి మూడే: ఎందుకు వెలగట్లేదు, ఎలా బాగుచెయ్యాలి, మన 230 వోల్టులకి పెడితే ఏమవుతుంది. మూడోదానికి జవాబు ఇప్పుడే చెప్పేస్తా: పెట్టకండి.

ముందు సీరియల్ సెట్టు. అప్పట్లో ఎక్కువ ఇళ్ళల్లో ఉన్నది ఎనిమిది బల్బుల దండ. బల్బు పేరు సి6, మొన తేలిన శంకువు ఆకారం, ఒక్కోటి 15 వోల్టులది. ఎనిమిది పదిహేనులు 120, అదే అక్కడి ఇంటి కరెంటు. ఒక్క బల్బు పోతే దారి తెగి దండంతా ఆరిపోతుంది.

పోయినదాన్ని పట్టే పద్ధతి: మంచిదని ఖాయంగా తెలిసిన 15 వోల్టుల బల్బు ఒకటి చేతిలో ఉంచుకోండి. ప్లగ్గు పీకి మొదటి హోల్డర్లో బల్బు తీసి దీన్ని బిగించండి, ప్లగ్గు పెట్టి చూడండి. వెలగలేదా, మళ్ళీ పీకి, పాత బల్బు దాని చోట దాన్ని పెట్టి రెండో హోల్డరుకి వెళ్ళండి. ఎనిమిదీ అయిపోయినా వెలుగు రాకపోతే రెండు బల్బులు పోయి ఉండాలి, లేదా తీగ ఎక్కడో తెగి ఉండాలి. ఇంక ఈ పద్ధతి పనికిరాదు. బల్బులన్నీ విప్పి మల్టీమీటరుతో ఒక్కొక్కటి చూడాలి. మంచి బల్బు చల్లగా ఉన్నప్పుడు కొద్ది ఓంలే చూపిస్తుంది, పోయినది ఏమీ చూపించదు.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. సి6 చుట్టు (హోల్డర్లో బిగించే మరల భాగం) సైజు, టార్చిలైటు బల్బు చుట్టు సైజు ఒకటే. పట్టింది కదా అని టార్చి బల్బు బిగిస్తే అది మాడిపోవచ్చు. దండలో బల్బులన్నీ ఒకే వోల్టు, ఒకే కరెంటు లాగేవి అయితేనే సమంగా వెలుగుతాయి.

#2 గోదారి_వైర్‌మాన్

230 లెక్క నేను రాస్తా. ఎనిమిది బల్బుల మీద 230 పంచితే ఒక్కోదానికి సుమారు 29 వోల్టులు పడుతుంది. 15 తట్టుకునే ఫిలమెంటు మీద అంత పడితే ఒక్క మెరుపు మెరిసి పోతుంది.

"అలాంటివి రెండు దండలు వరసగా కలిపితే 240 అవుతుంది కదా" అని అడుగుతారు. లెక్క కుదిరింది, సామాను కుదరదు. డెబ్భై ఏళ్ళ నాటి రబ్బరు తొడుగు చేత్తో వంచితే పొడిపొడిగా రాలుతుంది. పైగా దండలో ఒక్క బల్బు పోగానే కరెంటు ఆగుతుంది గానీ, తెగిన ఆ హోల్డరు దగ్గర 230 వోల్టులూ నిలబడి ఉంటాయి. బల్బు మార్చడానికి వేలు పెట్టేది సరిగ్గా అక్కడే.

230 నుంచి 110–115కి దించే ట్రాన్స్‌ఫార్మరు కొనండి. షాపులో ఇచ్చేది చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మరే, అందులో కరెంటు వచ్చే తీగచుట్టకీ, బయటికి ఇచ్చే తీగచుట్టకీ ఎడం ఉండదు. పాత దండలకి రెండు చుట్టలూ వేరుగా ఉండే ఐసొలేషన్ రకం అడిగి తీసుకోండి. మొత్తం వాట్లు కూడి దానికి ఒకటిన్నర రెట్లు వీఏ (అది మోయగల లోడు) ఉన్నది చాలు. సి7 బల్బులు ఒక్కోటి 5 వాట్లు అనుకుంటే 25 బల్బుల దండకి 125 వాట్లు, అంటే 200 వీఏ తీసుకోండి. అరచేతిలో పట్టే ప్రయాణాల కన్వర్టరు మాత్రం వద్దు. అది కరెంటు అలని కోసి పంపిస్తుంది. ఇస్త్రీపెట్టెకి సరిపోతుంది గానీ మోటారుకీ, రైలు ట్రాన్స్‌ఫార్మరుకీ పనికిరాదు.

ఇంకోటి. అక్కడ 60 హెర్ట్జ్, మనకి 50. బల్బులకి ఆ తేడా పట్టదు. మోటార్లకీ ట్రాన్స్‌ఫార్మర్లకీ పడుతుంది. రేకు చెట్టు ముందు తిరిగే రంగుల చక్రం, రైలు సంగతి వచ్చినప్పుడు చెప్తా.

#3 సీతమ్మపేట

సి6, సి7, సి9 అని మూడు పేర్లు వింటుంటాం. తేడా ఏమిటండీ? తర్వాత వచ్చిన బియ్యపుగింజంత బల్బుల దండలో ఒకటి పోయినా మిగతావి వెలుగుతాయి కదా, అదీ సీరియలే అంటారేమిటి?

#4 పాతబల్బు

సి6 సీరియల్ సెట్టుది. సి7, సి9 పారలల్: ప్రతి బల్బూ పూర్తి 120 వోల్టులది, ఒకటి పోతే అదొక్కటే ఆరుతుంది. సి7 చిన్నది, ఇంట్లో చెట్టుకి. సి9 పెద్దది, ఇంటి చూరుకి. వీటి చుట్టు సైజులు వేరు కాబట్టి ఒకదానిలో ఒకటి పట్టదు.

గింజ బల్బులది కూడా సీరియలే. 50 బల్బులు, ఒక్కోటి 2.5 వోల్టులది. కిటుకు బల్బు లోపలుంది. ఫిలమెంటుని మోసే రెండు కాళ్ళకీ అడుగున ఒక సన్నని తీగ చుట్టి ఉంటుంది, దానిమీద ఆక్సైడు పొర. ఫిలమెంటు బాగున్నంతసేపూ ఆ పొర కరెంటుని ఆపుతుంది. ఫిలమెంటు తెగగానే లైను వోల్టేజి మొత్తం ఆ పొర మీద పడి దాన్ని పగలగొడుతుంది, కరెంటు తీగ గుండా సాగిపోతుంది. అందుకే పోయిన బల్బు ఊడితే దండ ఆరుతుంది, పోయిన బల్బు హోల్డర్లో ఉంటే వెలుగుతుంది.

దీనికీ ఒక శాపం ఉంది. పోయిన ప్రతి బల్బు వాటా వోల్టులు మిగతావాటి మీద పడతాయి. నాలుగైదు పోయినా మార్చకుండా వదిలేస్తే మిగతావి ఎక్కువ కాంతితో వెలిగి తొందరగా పోతాయి. ఇంకా కొన్ని పోతాయి, అలా ఒక్క రాత్రిలో దండంతా పోతుంది. పోయినది కనపడగానే మార్చడం ఒక్కటే మందు.

#5 బుడగలయ్య

ఈ దారంలో నాకు ఇష్టమైనది వచ్చింది, కాస్త పొడుగ్గా రాస్తాను.

బుడగల దీపం కార్ల్ ఓటిస్ అనే ఆయన ఆలోచన. క్రిస్మస్ దీపాలు చేసే నోమా కంపెనీ 1946లో అమెరికా బజారులో పెట్టింది. కొవ్వొత్తిలా నిలబడే గాజు గొట్టం, దాని కింద ప్లాస్టిక్ బుర్ర, బుర్రలో చిన్న బల్బు. గొట్టంలో ఉన్నది మిథైలిన్ క్లోరైడ్. అది 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. కింద బల్బు వేడికి అడుగున ద్రవం ఆవిరై బుడగలుగా పైకి పోతుంది, పైన చల్లబడి మళ్ళీ ద్రవంగా దిగుతుంది. మోటారు లేదు, తిరిగే భాగం లేదు.

బుడగలు రాకపోవడానికి కారణాలు, ఎక్కువగా కనిపించే వరసలో:

దీపం ఒరిగింది. గొట్టం నిలువుగా ఉండాలి. కొమ్మ బరువుకి వంగితే బల్బు వేడి గొట్టం అడుగుకి కాకుండా ఒక పక్కకి తగులుతుంది. క్లిప్పు మందమైన కొమ్మకి, కాండానికి దగ్గరగా పెట్టండి.

గది చల్లగా ఉంది. వెలిగించాక ఐదారు నిమిషాలు ఆగాలి. అయినా రాకపోతే ప్లగ్గు పీకి దీపాన్ని తలకిందులు చేసి, వేలితో నెమ్మదిగా తట్టి, మళ్ళీ నిలబెట్టండి. గొట్టాన్ని కాసేపు గుప్పిట్లో పట్టుకున్నా పనవుతుంది.

గొట్టం అడుగు బల్బుకి ఆనట్లేదు. పాత జిగురు ఎండిపోయి గొట్టం పైకి జరుగుతుంది. బుర్ర విప్పి గొట్టాన్ని కిందికి నొక్కి చూడండి. మధ్యలో ఖాళీ ఉంటే వేడి అందదు.

తప్పు వాట్ బల్బు. చిన్నది పెడితే వేడి చాలదు, పెద్దది పెడితే ప్లాస్టిక్ బుర్ర వంకరపోతుంది. సి7 చుట్టు ఉన్న పాత సెట్లకి 5 వాట్లది సరి.

ద్రవం మట్టం ఒక గొట్టంలో మిగతావాటికంటే బాగా తగ్గి ఉంటే ఎక్కడో కారుతోందన్నమాట. దాన్ని బాగుచేసే ప్రయత్నం వద్దు, తీసెయ్యండి. మిథైలిన్ క్లోరైడ్ ఆవిరి పీలిస్తే ఒంట్లో అది కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. గొట్టం పగిలితే కిటికీలు తెరిచి, పిల్లల్ని పక్క గదిలోకి పంపి, గాలి బాగా ఆడాక చేతితొడుగులతో గాజుముక్కలు ఎత్తండి. ఊయల దగ్గరా, పిల్లి ఎక్కే ఎత్తులోనూ పెట్టకండి.

#6 సీతమ్మపేట

ఎల్‌ఇడి బల్బు పెడితే వేడి తగ్గి భద్రం కదా?

#7 బుడగలయ్య

భద్రమే, బుడగలే రావు. ఆ దీపానికి కావలసింది వెలుగు కాదండీ, వేడి.

#8 రేకుచెట్టు

రేకు చెట్టు మీదికి రంగుల వెలుగు పంపే చక్రంలో దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ వేడే శత్రువు, ఎల్‌ఇడి వరం.

అల్యూమినియం చెట్టు షికాగోలో 1955 ప్రాంతంలో మొదలైంది గానీ ధర ఎక్కువ. విస్కాన్సిన్ రాష్ట్రం మానిటొవాక్‌లో గిన్నెలు, బొమ్మలు చేసే అల్యూమినియం స్పెషాలిటీ కంపెనీ 1959లో ఎవర్‌గ్లీమ్ పేరుతో చవగ్గా తెచ్చాక ఇంటింటికీ వెళ్ళింది. సన్నగా చీరిన రేకు పోగుల్ని తీగకి మెలిపెట్టి కొమ్మ చేస్తారు. వెండిరంగు వేసిన కర్ర కాండానికి ఏటవాలు బెజ్జాలు ఉంటాయి. పై బెజ్జాలు కొమ్మని నిటారుగా నిలబెడతాయి, కిందికి వచ్చేకొద్దీ పడుకోబెడతాయి. అందుకే కాండం రెండు ముక్కల్నీ తలకిందులు చేసి బిగిస్తే చెట్టు చీపురులా కనిపిస్తుంది.

ఈ చెట్టు మీద కరెంటు దీపాల దండ వెయ్యకూడదు. తీగ తొడుగు ఒక్కచోట చిట్లి రేకుకి తగిలితే చెట్టంతా కరెంటు పాకుతుంది. ఆ భయంతోనే నేలమీద పెట్టే రంగుల చక్రం వచ్చింది: ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు పలకల పళ్ళెం, వెనకాల పెద్ద ఫ్లడ్ బల్బు, నెమ్మదిగా తిప్పే మోటారు.

కొమ్మల తొడుగుల సంగతి చాలామంది తప్పు చేస్తారు. ప్రతి కొమ్మకీ కాగితపు గొట్టం ఉంటుంది. పోగులు కొమ్మ కొస వైపు వాలి ఉంటాయి, గొడుగు ఊచల్లా. గొట్టాన్ని ఎప్పుడూ మొదలు నుంచి కొస వైపే జరపాలి. చెట్టు పెట్టేటప్పుడు కొమ్మ మొదలు బెజ్జంలో దింపి, గొట్టాన్ని కొస మీదుగా లాగెయ్యండి. విప్పేటప్పుడు ముందు కొమ్మని బెజ్జం నుంచి పీకి, గొట్టాన్ని తీగ మొదలు వైపు నుంచి ఎక్కించండి. చెట్టు మీద ఉండగానే కొస వైపు నుంచి తొడిగితే పోగులు వెనక్కి విరుగుతాయి. ఒకసారి విరిగిన రేకు మడత పోదు. పైనుంచి కిందికి పెట్టుకుంటూ రండి, విప్పేటప్పుడు కిందినుంచి పైకి వెళ్ళండి. దుమ్ముకి మెత్తని కుంచె చాలు, నీళ్ళూ మెరుగు పొడులూ వద్దు.

చక్రంలో ఎక్కువగా పాడయ్యేది పళ్ళెమే. లేబుల్ మీద రాసినదానికన్నా పెద్ద బల్బు పెడితే పలక వంగి బల్బుకి రాసుకుంటుంది, మోటారు ఆగుతుంది, ఆగినచోట పలక కరుగుతుంది. అదే ఆకారంలో తెల్లని ఎల్‌ఇడి ఫ్లడ్ పెట్టండి. కాంతి వెడల్పు 40 డిగ్రీలు దాటనిది అయితే గోడలకి పోకుండా చెట్టు మీదే పడుతుంది.

#9 గోదారి_వైర్‌మాన్

చక్రం మోటారు 60 హెర్ట్జ్‌కి చేసింది. మన 50 మీద ఆరింట ఐదు వంతుల వేగంతో తిరుగుతుంది. అది సమస్య కాదు, చూడ్డానికి ఇంకా బాగుంటుంది. సమస్య వేడి. అదే 115 వోల్టులు 50 హెర్ట్జ్‌లో ఇస్తే లోపలి ఇనుములో అయస్కాంత ప్రవాహం 1.2 రెట్లు అవుతుంది, చుట్ట కాగుతుంది. వోల్టేజిని కూడా అదే పాళ్ళలో దించి 96 దగ్గర పెడితే సరిపోతుంది. డిమ్మర్‌స్టాట్ (వోల్టులు తిప్పి తగ్గించే పెట్టె) ఉంటే సులువు. బల్బూ మోటారూ ఒకే తీగ మీద ఉంటాయి కాబట్టి 96లో పాత ఫ్లడ్ బల్బు కాస్త మబ్బుగా వెలుగుతుంది. రైలు ట్రాన్స్‌ఫార్మరుకీ ఇదే లెక్క. గుర్రుమనే చప్పుడు ఎక్కువైతే లోపల ఇనుము అయస్కాంత ప్రవాహంతో నిండిపోయిందని అర్థం, వోల్టులు తగ్గించండి.

#10 చుక్‌చుక్

రైలు పేరు వచ్చింది కాబట్టి దిగుతున్నా. చెట్టు చుట్టూ తిరిగేవాటిలో లయనెల్ కంపెనీ మూడు పట్టాల బొమ్మ రైళ్ళే ఎక్కువ. నడిమి పట్టాకి కరెంటు, బయటి రెండూ తిరుగు దారి. ఎనిమిది వంపు ముక్కలు కలిపితే ఒక గుండ్రం. ఓ27 పట్టా అయితే 27 అంగుళాల వ్యాసం, ఓ పట్టా అయితే 31. చెట్టు స్టాండు కాళ్ళు ఆ గుండ్రంలో ఇముడుతాయో లేదో చెట్టు నిలబెట్టకముందే కొలుచుకోండి. రెండు రకాలూ కలపకండి: ఓ పట్టా ఎత్తు అంగుళంలో పదహారింట పదకొండు వంతులు, ఓ27 పదహారింట ఏడు. కలిపే పిన్నుల మందం కూడా వేరే.

రైలు ఆగిపోతే ముందు చూడాల్సింది చెట్టు వైపు! పైనుంచి రాలిన తళుకు పోగు నడిమి పట్టానీ బయటి పట్టానీ కలుపుతూ పడితే షార్టే. బ్రేకరు ఉన్న ట్రాన్స్‌ఫార్మరైతే బ్రేకరు పడి కరెంటు ఆగుతుంది. బ్రేకరు పనిచెయ్యనిది కాగుతూ పోతుంది.

పట్టాలు తుడవడానికి బట్టా స్పిరిటూ వాడండి. ఉక్కుపీచు వద్దే వద్దు. 1950 నుంచి ఇంజను చక్రాలకి అయస్కాంతం పెట్టారు, పట్టాని గట్టిగా పట్టుకోవడానికి. ఉక్కుపీచు నుసి అంతా ఆ చక్రాలకీ, మోటారు లోపలికీ చేరుతుంది. ఇరుసుకి ఒక్క చుక్క పల్చటి మెషీను నూనె, పళ్ళచక్రాలకి కొద్దిగా గ్రీజు. కొబ్బరినూనె పోసిన ఇంజన్లు బంక కట్టి వస్తాయి.

పొగ వచ్చే ఇంజన్లలో 1946 సంవత్సరానిది వేరు. ప్రత్యేకమైన బల్బు నెత్తిన అమ్మోనియం నైట్రేట్ మాత్ర వేసేవారు. దాని ఆవిరి లోహాన్ని తినేసేది. 1947 నుంచి వేడి తీగ, వేరే మాత్రలు వచ్చాయి. ఇప్పటి పొగ ద్రవం ఆ మాత్రల యూనిట్లో నేరుగా పోస్తే పొంగి మోటారు మీదికి కారుతుంది. లోపల పీల్చుకునే దూది మార్చాకే వాడాలి, అదీ చుక్కల్లో.

#11 గాజుగోళం

తళుకు పోగుల గురించి ఒక హెచ్చరిక. ఆ కాలంవి చాలావరకు సీసం రేకువి. బరువుగా ఉండి, గాలికి ఎగరకుండా, నిలువుగా వేలాడతాయి, అందుకే చెట్టుకి అంత అందం. అమెరికాలో 1972లో వీటికి అడ్డుకట్ట పడింది. ఇప్పటి ప్లాస్టిక్‌వి తేలిక, చెయ్యి ఊపితే ఎగురుతాయి. చేతిలో నలిపితే సీసం మడత అలాగే ఉండిపోతుంది, ప్లాస్టిక్ తిరిగి విచ్చుకుంటుంది. సీసంవి పెట్టెలో చూసుకోండి, పిల్లలున్న ఇంట్లో చెట్టుకి వద్దు. యుద్ధానికి ముందు పెట్టెల్లో అమ్మిన కృత్రిమ మంచులో ఆస్బెస్టాస్ ఉండేది. అలాంటి పాత డబ్బా దొరికితే మూత తెరవకండి. "దేవదూత జుట్టు" పేరుతో అమ్మినది గాజు నూలు. దాన్ని ముట్టుకుంటే చేతులు రాత్రంతా దురద.

గాజు గోళాల్లో షైనీ బ్రైట్ పేరు అందరూ విన్నదే. మాక్స్ ఎకార్ట్ వ్యాపారం, గాజు మాత్రం కార్నింగ్ కంపెనీది. బల్బు బుడ్డీలు ఊదే రిబ్బన్ యంత్రం మీదే పెన్సిల్వేనియాలోని వెల్స్‌బరోలో గోళాలు ఊదించారు. సంవత్సరం పట్టుకోవడానికి గోళం నెత్తిన ఉండే టోపీ (కొక్కెం తగిలించే మూత) చూడండి. యుద్ధకాలంలో లోహం కరువై అట్టముక్క టోపీలు పెట్టారు, లోపల వెండిపూత మానేసి గాజు మీద రంగు చారలు మాత్రం గీశారు. లోహపు టోపీ, మెరిసే పూత ఉంటే యుద్ధానికి ముందుదో తర్వాతదో. ఒకటే మెలిక, టోపీలు ఒకదానిది ఒకదానికి పడతాయి, అమ్మేవాళ్ళు మారుస్తుంటారు. టోపీ ఒక్కటీ చూసి డబ్బివ్వకండి, చారలు కూడా చూడండి.

తడిబట్ట పెట్టారో, రంగు బట్టకి వచ్చేస్తుంది. పొడి కుంచె, అంతే.

#12 తెనాలి_యాంటెన్నా

సామాను సరే, వినోదం కూడా రాయండి. రేకు చెట్టుని ఒక కార్టూను చంపేసిందంటారు, నిజమేనా?

#13 రేకుచెట్టు

1965 డిసెంబర్ 9న టీవీ ఛానల్ సీబీఎస్‌లో వచ్చిన చార్లీ బ్రౌన్ క్రిస్మస్ కార్యక్రమం. అందులో రేకు చెట్టు ఆర్భాటానికి గుర్తు, బక్క చెట్టు నిజమైన పండగకి గుర్తు. ఏటా మళ్ళీ మళ్ళీ వేశారు కాబట్టి దెబ్బ తగిలి ఉంటుంది. కానీ ఎవర్‌గ్లీమ్ 1970ల మొదటి దాకా తయారవుతూనే ఉంది. పచ్చగా, అసలు చెట్టులా ఉండే ప్లాస్టిక్ చెట్లు వచ్చి తోసేశాయన్నదే నా లెక్క.

దానికి ఏడాది ముందు, 1964 డిసెంబర్ 6న ఎన్‌బీసీలో ఎర్రముక్కు జింక రుడాల్ఫ్ బొమ్మల కార్యక్రమం వచ్చింది. బొమ్మల్ని ఒక్కో ఫ్రేముకి కొద్దికొద్దిగా కదిలిస్తూ తీసిన పని టోక్యోలో జరిగింది. ప్రాయోజకులు జనరల్ ఎలక్ట్రిక్. క్రిస్మస్ బల్బులు అమ్మేవాళ్ళే క్రిస్మస్ కార్యక్రమానికి డబ్బు పెట్టారన్నమాట.

#14 చుక్‌చుక్

అన్నిటికన్నా విచిత్రం న్యూయార్క్ 11వ ఛానల్ డబ్ల్యూపీఐఎక్స్ పొయ్యి. 1966 క్రిస్మస్ ముందురోజు రాత్రి మూడు గంటల పాటు ప్రకటనలు లేకుండా టీవీలో మండుతున్న దుంగ, వెనకాల పాటలు. నిప్పుగూడు లేని అపార్ట్‌మెంట్లవాళ్ళ కోసం. న్యూయార్క్ మేయరు ఇల్లు గ్రేసీ మాన్షన్‌లో 16 మి.మీ. ఫిల్మ్ మీద తీశారు. మంట బాగా కనపడాలని ముందున్న జాలీ తీసేస్తే నిప్పురవ్వ ఎగిరి తివాచీ కాలింది. ఫిల్మ్ చుట్టు 17 సెకన్లే, అందుకే మంట ప్రతి 17 సెకన్లకీ ఒకసారి ఉలిక్కిపడినట్టు ఎగిరేది. అరిగిపోయాక 1970లో కాలిఫోర్నియాలో 35 మి.మీ. మీద కొన్ని నిమిషాల నిడివితో మళ్ళీ తీశారు.

ఇంట్లో ఇలాంటిది చేసుకునేవాళ్ళకి: చుట్టు అతుకు తెలియకూడదంటే మొదటి రెండు సెకన్లనీ చివరి రెండు సెకన్ల మీద కరిగించి కలపండి. మంటకి ఆకారం నిలకడగా ఉండదు కాబట్టి కన్ను పట్టుకోదు. పక్కకి జారే దుంగ కనిపిస్తే మాత్రం దొరికిపోతుంది.

#15 వెదురుబద్ద

అమెరికా సామానుల మధ్య మన నక్షత్రం ఒక్కటి పెట్టనివ్వండి. వాకిట్లో వెదురు నక్షత్రం కట్టడం మన క్రైస్తవ కుటుంబాల్లో పాత అలవాటు. ప్లాస్టిక్ నక్షత్రాలు వచ్చాక కొలత తెలిసినవాళ్ళు తగ్గారు.

ఒకే పొడవు బద్దలు పది. 90 సెం.మీ. అనుకుందాం. పచ్చి వెదురు వద్దు, ఎండేటప్పుడు మెలి తిరుగుతుంది. ప్రతి బద్ద మీదా రెండు కొసల నుంచీ 34.4 సెం.మీ. దగ్గర గుర్తు పెట్టండి, మధ్యలో 21.2 మిగులుతుంది. ఐదు బద్దల్ని ఈ గుర్తుల దగ్గరే దాటేలా, ఒకదాని పైనా ఒకదాని కిందా పోనిస్తూ అల్లితే ఐదు మొనలూ సమంగా వస్తాయి. వేరే పొడవైతే 0.382తో గుణించండి. కంటి అంచనాతో కట్టిన నక్షత్రం ఒక కాలు కుంటిదే అవుతుంది.

ఇలాంటివి రెండు. ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు మొనల దగ్గర మాత్రమే కట్టండి. లోపలి ఐదు దాటు చోట్ల ఒక్కొక్క అడ్డుపుల్ల, 20 సెం.మీ. పొడవుది, రెండు నక్షత్రాల మధ్య నిలబెట్టి కట్టండి. పొట్ట ఉబ్బుతుంది. పుల్ల మరీ పొడుగైతే మొనల దగ్గర ముడి జారుతుంది.

గాలిపటాల కాగితం, మైదా జిగురు. జిగురులో చిటికెడు మైలతుత్తం వేస్తే పురుగు పట్టదు, బొద్దింక కొరకదు. అది విషం, కలిపిన గిన్నె మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. జిగురు పల్చగా ఉంటే కాగితం తడిసి చిరుగుతుంది, వేలితో తీస్తే తీగ సాగాలి. వెనక ఒక మొనకి కాగితం అతికించకుండా తలుపులా వదలండి, దీపం పెట్టడానికీ వేడి పోవడానికీ.

#16 సీతమ్మపేట

అందులో జీరో వాట్ బల్బు చాలా?

#17 గోదారి_వైర్‌మాన్

పేరుకే జీరో. పాత జీరో బల్బు లాగేది సుమారు 15 వాట్లు. మూసిన కాగితంలో తెల్లవార్లూ పెడితే కాగితం గోధుమరంగుకి తిరుగుతుంది. 3 వాట్ల ఎల్‌ఇడి పెట్టి, హోల్డరుని అడ్డుపుల్లల నడుమ వేలాడేలా కట్టండి, ఏ వైపు కాగితానికీ నాలుగు వేళ్ళ ఎడం ఉండేలా. తీగ మొన లోంచి కాకుండా కింది సందు లోంచి తెండి, మంచు నీరు తీగ వెంట హోల్డర్లోకి జారదు.